మత్తడి కనబడే గుట్ట

“సముద్రం సుత మత్తడి దుంకుతదా బిడ్డా?” అని మా అవ్వ అడిగింది. అవ్వ అంటే మా వైపు కన్నతల్లి. కోస్తాలో ఉద్యోగంలో చేరాక మొదటిసారి సెలవు మీద బచ్చన్నపేట దగ్గరి మా ఊరికి వచ్చాను. నేను చేసే పనేమిటో చెప్పేదాకా ఆమె అన్నం వడ్డించేలా లేదు. సముద్రం అడుగున భూమి కదిలితే నీళ్ళు ఒడ్డు దాటి ఊళ్ళ మీదికి వస్తాయనీ, అవి ఎక్కడిదాకా వస్తాయో, ఎవరి ఇల్లు మునుగుతుందో, ఎవరు ఎటు పరుగెత్తాలో ముందే చూసి చెప్పడం మా పని అనీ వివరించాను. అంతా శ్రద్ధగా విని ఆమె వేసిన ప్రశ్న అది.

“అట్లనే అనుకో,” అన్నాను, ఆకలి మీద ఉండి.

“ఎంత అదృష్టవంతులో!” అంది.

కోపం వచ్చింది కానీ ఆమెను తప్పుపట్టలేం. చెరువు నిండి, మిగిలిన నీళ్ళు రాతి కట్టడం మీది నుంచి పొర్లిపోవడాన్ని మేం మత్తడి దుంకడం అంటాం. మా ఊళ్ళో అది పండగల లెక్కలో రాదు, ఎందుకంటే పండగలు ఏటా వస్తాయి. నా చిన్నప్పుడు మా చెరువులో మేం కబడ్డీ ఆడాం, పశువులు మేశాయి. పత్తి చేను మీద మబ్బు పట్టి కురవకుండా పోతుంటే అవ్వ చేతిలో కొడవలి పట్టుకునే మబ్బును తిట్టేది. అలాంటి మనిషికి నీళ్ళు ఎక్కువై జనం చచ్చిపోతారంటే, తిండి ఎక్కువై చచ్చిపోయారని చెప్పినట్టే ఉంటుంది.

కోస్తా ఊళ్ళలో నా పనంతా నడకే. ఒడ్డు నుంచి ఊళ్ళోకి నేల ఎత్తుపల్లాలు కొలుచుకుంటూ పోవాలి. ఇసుక దిబ్బ ఎక్కడ తెగింది, సరుగుడు తోట ఎక్కడ పలచబడింది, ఉప్పుటేరు ఎటు తిరిగింది అన్నీ చూడాలి. కెరటం ఎదురుగా ఒడ్డు మీదికే వస్తుందని అందరూ అనుకుంటారు, కానీ చాలాచోట్ల అది ఉప్పుటేరు పట్టుకుని దొంగలా ఊరి వెనక నుంచి దూరుతుంది. ఇవి కొలిచాక ముసలివాళ్ళ దగ్గర కూర్చుని, సునామీ వచ్చిన రోజు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని అడగాలి. నేను “ఏంది”, “ఎట్ల” అంటుంటే వాళ్ళు ముందు నవ్వేవాళ్ళు. “ఈ అమ్మాయి సినిమాలో కామెడీలా మాట్లాడతందే” అని ఒకామె నా ముందే అంది. “నవ్వుడు అయినంక జెప్పుండ్రి, నేను ఈడనే కూసుంట” అని నేల మీద చతికిలబడ్డాను. అప్పటి నుంచి ఆమె ఇంట్లోనే నాకు చేపల పులుసు.

ఆ పులుసు పెట్టిన ఆమే చెప్పింది. ఆ రోజు సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోయిందట. ఎప్పుడూ చూడని రాళ్ళు, గవ్వలు, కొట్టుకుంటున్న చేపలు బయటపడ్డాయట. “పారిపోవాలని మాకెవరికీ అనిపించలేదమ్మా. చూద్దారని ఎదురెళ్ళాం,” అంది. ఎత్తు మీదికి చేరినవాళ్ళలో కూడా కొందరు, అక్కడి నుంచి సముద్రం కనిపించక, ఏమైందో చూసొద్దామని మళ్ళీ కిందికి దిగారట. ఆ మాట విని నేను తల ఊపాను. విన్నానే గానీ దాన్ని ఎక్కడ వాడుకోవాలో నాకు తెలియలేదు.

కొన్నేళ్ళకు మా జిల్లాల్లోనే పని వచ్చింది. భూపాలపల్లి వైపు వాగులు రాత్రికి రాత్రే ఊళ్ళలో దూరడం, మహబూబాబాద్ వైపు చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగడం చూశాక, సముద్రం దగ్గర చేసిన పనినే ఇక్కడా చెయ్యాలన్నారు. పైచెరువు తెగితే ఆ నీళ్ళు కిందిచెరువును తెంపుతాయి, అది దాని కిందిదాన్ని. మా కొలతల్లో అదీ ఒక కెరటమే, ఉప్పు లేని కెరటం. భూపాలపల్లి దగ్గర ఒక ఇంట్లో బురద గీత గోడ మీద కరెంటు స్విచ్చుల ఎత్తున ఉంది. ఆ ఇల్లాలు దాన్ని కడగకుండా ఉంచింది. “చుట్టాలు నమ్ముతలేరు మేడం, అందుకే ఉంచిన,” అంది. అలాంటి గీతలు చూసి చూసి నేను మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లోనే, గది అద్దెకు తీసుకున్నాను. మా నాన్న, బాపు, పత్తి చేను వదిలి రానన్నాడు. అవ్వ మాత్రం ‘నువ్వు ఒక్కదానివి వండుకోవు’ అనే వంక పెట్టి నెలలో సగం రోజులు నా దగ్గరే ఉండేది.

దంతాలపల్లి వైపు ఒక చెరువు, దాని కట్ట కింద ఒక తండా నా వంతుకు వచ్చాయి. కట్టకు మధ్యలో పాత తూము ఉంది. దాని చుట్టూ మట్టి లోపల్లోపలే కొట్టుకుపోయి కట్ట గుల్లబారింది. దాన్ని తవ్వి మళ్ళీ కట్టాలని అందరూ ఒప్పుకున్నారు, కానీ ఆ పని ఎండాకాలంలోనే అవుతుంది. మేం ఒప్పుకునేసరికి మొదటి వానలు పడ్డాయి. ఈ వానాకాలం ఎలాగైనా గట్టెక్కాలి. కట్ట తెగితే నీళ్ళు పాత వాగు దారి పడతాయి, తండా ఆ దారిలోనే ఉంది. పొయ్యి మీద పెట్టిన బియ్యం ఉడికేంత వ్యవధి కూడా ఉండదు. అందుకే మత్తడి దుంకగానే, కట్ట తెగుతుందా లేదా అని చూడకుండా, తండా మొత్తం ఎత్తు మీదికి పోవాలి. నేను రోడ్డు పక్క బడిని ఎంచుకున్నాను. మంచి స్లాబు, తాగేనీళ్ళు, తలుపులకు గడియలు, అన్నీ ఉన్నాయి.

తండాలో ఇంట్లో లంబాడీ మాట్లాడుకుంటారు, నాతో తెలుగులో. మహిళా సంఘం నడిపే అక్క ఒకామె నాకు తోడు నిలబడింది. మిర్చి ఏరడానికి కూలీలను కూడగట్టే మనిషి, గొంతు విప్పితే రెండు చేల అవతలికి వినబడుతుంది. ఆమె అందరినీ కూర్చోబెట్టింది. నేను పటం పరిచి అంతా చెప్పాను. అందరూ తలలూపారు. వెళ్ళేముందు, అర్థమైందో లేదో చూద్దామని, “మత్తడి దుంకిన్నాడు మీరు ఎక్కడ ఉంటరు?” అని అడిగాను.

“కట్ట మీద,” అన్నారు ముక్తకంఠంతో.

అక్క కూడా అంది. అన్నాక నాలుక కరుచుకుంది. “మైసమ్మకు కొబ్బరికాయ కొట్టాలె గదా మేడం. ఊరోళ్ళు, మేము, అందరం గాడనే ఉంటం. పోయినసారి దుంకినప్పుడు నేను ఈ తండాకు కొత్త కోడల్ని,” అంది. చెరువును కాసే కట్ట మైసమ్మ రాయి ఎక్కడ ఉందో నాకు తెలుసు. సరిగ్గా పాత తూము మీదే ఉంది. అంటే పక్క ఊరూ తండా కలిసి, బలహీనమైన కట్ట మీద, అత్యంత బలహీనమైన చోట, నీళ్ళు అత్యంత ఎక్కువగా ఉన్న రోజున నిలబడతారన్నమాట.

వట్టి మాటలతో పనికాదని ఒకసారి నిజంగానే నడిపించి చూద్దామనుకున్నాను. డప్పు వినబడగానే అందరూ ఇళ్ళు వదిలి బడికి చేరాలి. ముందు రోజే ఇంటింటికీ చెప్పించాను. మర్నాడు పొద్దున నేను బడి దగ్గర నిలబడ్డాను, కట్ట వైపు నుంచి డప్పు మోగింది. చాలాసేపు చూశాను. బడికి ఒక్కరంటే ఒక్కరు రాలేదు. ఒక మేక మాత్రం వచ్చి మెట్టు మీద పడుకుంది. కట్ట దగ్గరికి పోయి చూస్తే తండా మొత్తం అక్కడే ఉంది. వలలు, గంపలు, గిన్నెలు, చీర కొంగులు పట్టుకుని చెరువు వైపు చూస్తూ నిలబడ్డారు. పక్క ఊరి నుంచి రెండు మోటారు సైకిళ్ళు కూడా దిగాయి.

విషయమేమిటంటే, ఆ ఊళ్ళలో చెరువు దగ్గర పొద్దున డప్పు మోగితే దానికి ఒక్కటే అర్థం. ఆ రోజు చేపలు పడుతున్నారని. ముందురోజు నేను చెప్పించిన సంగతి అందరికీ గుర్తుంది, కానీ డప్పు చెవిన పడగానే కాళ్ళు కట్ట వైపే నడిచాయి. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది వీళ్ళ వ్యవహారం అని నేను నెత్తి కొట్టుకున్నాను. వాళ్ళు నా మీద నాకంటే ఎక్కువ కోపంగా ఉన్నారు. “చేపలు లేకుంటే డప్పు ఎందుకు కొట్టించినవ్ మేడం?” అని ఒక ముసలాయన నిలదీశాడు. ఖాళీ గంపలతో ఇళ్ళకు పోతూ అందరూ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇంటికొచ్చి అవ్వ మీద విరుచుకుపడ్డాను. చెప్పింది చెప్పినట్టు చేస్తే ప్రాణాలు దక్కుతాయి కదా, ఆ మాత్రం బుద్ధి లేదా మనుషులకు అన్నాను. అవ్వ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తలెత్తకుండా, “మత్తడి దుంకుతాంటే నేను సుత బడి కాడికి పోను,” అంది.

“తెగుతదని తెలిసినంక గూడానా?”

“తెగుతదని నువ్వంటున్నవ్. దుంకుతున్నది నేను సూడాలె గదా. ఇన్నేండ్లకు నీళ్ళొస్తే, తలుపేసుకొని బడిల కూసుంటరానె ఎవలన్న? ఆడికెల్లి చెరువు కనబడుతదా?”

కనబడదు. బడికీ చెరువుకూ మధ్య చింతచెట్లు ఉన్నాయి. ఇంట గెలవలేనిదాన్ని రచ్చ గెలుద్దామని బయల్దేరానని ఆ సాయంత్రమంతా ఉడికిపోయాను. అన్నం దగ్గర మాత్రం, సముద్రం కనిపించక ఎత్తు మీది నుంచి కిందికి దిగినవాళ్ళ సంగతి గుర్తొచ్చింది. నేను ఎంచుకున్న చోటు నుంచి కూడా అందరూ దిగిపోతారు, నీళ్ళు చూడటానికి. భయం ఒక్కటే లెక్కలోకి తీసుకున్నాను, సంతోషాన్ని కొలవలేదు. మా ప్రాంతం మనుషులు భయపడి పారిపోవడం అరుదు. సంతోషం వస్తే మాత్రం పిల్లాపాపలతో పరుగెత్తుతారు.

మర్నాడు అవ్వను వెంటబెట్టుకుని తండాకు పోయాను. “నువ్వైతే యాడ నిలబడి సూస్తవో అది సూపెట్టు,” అన్నాను. ఆమె అక్కతో పది మాటలు మాట్లాడింది, తర్వాత ఇద్దరూ కలిసి నా ముందు నడిచారు. నేనేమో వెనకాల నేల ఎత్తు కొలిచే పరికరం మోసుకుంటూ. తండా వెనక బోడగుట్ట ఒకటి ఉంది. నీడ లేదని, నీళ్ళు లేవని నేను దాన్ని మొదటే కొట్టేశాను. అవ్వ ఆయాసపడుతూ పైకెక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. అక్కడి నుంచి చెరువంతా, మత్తడి రాళ్ళతో సహా, అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తోంది.

“మైసమ్మకు కొబ్బరికాయ?” అంది అక్క.

“గీడికెల్లి కొడితే అమ్మకు వినబడదా? ఆమెకు దూరమేంది, దగ్గరేంది?” అంది అవ్వ. ఒక రాయి తెచ్చి నిలబెట్టి, తన కొంగుకు కట్టుకున్న పసుపు తీసి రుద్దింది. ఆమె కొంగులో పసుపు ఎందుకుందని నేను అడగలేదు. ముందే అనుకునే వచ్చిందని తెలిసిపోతూనే ఉంది.

ఆ తర్వాత పని చకచకా సాగింది. ఎక్కడానికి దారి చదును చేయించాం. ముసలివాళ్ళను ఎవరు పట్టుకుని ఎక్కించాలో అక్క తేల్చింది. డప్పు మానేసి మైకు పెట్టాం. అక్క తనే ముందు లంబాడీలో, తర్వాత తెలుగులో పిలిచేట్టు ఒప్పుకుంది. రెండోసారి నడిపించినప్పుడు తండా మొత్తం గుట్ట మీద ఉంది, పక్క ఊరివాళ్ళు కూడా సగం మంది. కొందరు సద్ది కట్టుకుని వచ్చారు. నేను మురిసిపోయాను. ఇంతగా కోస్తాలో కూడా ఎప్పుడూ సంతోషపడలేదు. అవ్వకూ అక్కకూ ఆ నెలలోనే ఎంత చనువు పెరిగిందంటే, అవ్వ నన్ను అడగకుండా ఆటో ఎక్కి తండాకు పోయి రెండేసి రోజులు ఉండి వచ్చేది.

వానాకాలం నడిమిట్లో పెద్ద ముసురు పట్టింది. కొత్తగూడ అడవి వైపు నుంచి వాగులన్నీ నిండి వస్తున్నాయని విన్నాం. అవ్వ అప్పటికి తండాలోనే ఉంది. మూడో పొద్దుకు వాన తెరిపి ఇచ్చింది. నేను జీపులో బయల్దేరాను. చెరువు ఇంకా కనబడకముందే చప్పుడు వినబడింది. మత్తడి చప్పుడు. తండా పక్క ఊళ్ళో ఇళ్ళకు తాళాలు, బజారు ఖాళీ. జీపును రోడ్డు మీదే ఆపించి, కట్ట ఎలా ఉందో చూడాలని దిగాను. కట్ట మీద పురుగు కూడా లేదు.

ఇక్కడే నా గురించి నాకు తెలియని సంగతి ఒకటి బయటపడింది. కట్టను చివరి నుంచి చూసి వెనక్కి రావాలి, నేనే రాసిపెట్టిన పద్ధతి అది. కానీ నీళ్ళు కనిపించాయి. ఎర్రటి నీళ్ళు, కట్ట అంచుదాకా, గాలికి ఊగుతూ, అటు చివర రాళ్ళ మీది నుంచి తెల్లగా విరిగిపడుతూ. సముద్రం పక్కన అన్నేళ్ళున్నాను, ఒక్కనాడూ నా గుండె అలా కొట్టుకోలేదు. నడుస్తూ నడుస్తూ మైసమ్మ రాయి దగ్గరికి ఎప్పుడు చేరానో తెలియదు. చెప్పులు విప్పాను. కిందికి వంగి రెండు చేతులూ నీళ్ళలో పెట్టాను. చల్లగా ఉన్నాయి. నవ్వుకుంటున్నాను, కళ్ళలో నీళ్ళు కూడా వస్తున్నాయి. దుంకింది, మత్తడి దుంకింది అని పిచ్చిదానిలా పైకే అంటున్నాను.

అప్పుడు గుట్ట మీది నుంచి మైకు కరకరమంది. అక్క గొంతు ఏదో లంబాడీలో అంది, జనం గొల్లున నవ్వారు. వెంటనే మైకు చేతులు మారింది.

“ఓ పిల్లా! కట్ట మీదికెల్లి దిగు!” అవ్వ గొంతు చెరువంతా మారుమోగింది. “ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! ఎవలకు జెప్పినవే నువ్వు? మమ్ముల గుట్టెక్కించి నువ్వు కట్టెక్కుతవా? దిగు, నీ చదువు పాడుగాను, దిగు!”

తలెత్తి చూశాను. గుట్ట నిండా మనుషులు, రంగురంగుల చీరలు, గొడుగులు. అంతా నన్నే చూస్తూ చేతులూపుతున్నారు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. చెప్పులు చేత పట్టుకుని, వచ్చిన దారినే కట్ట దిగి, చేల గట్ల మీదుగా నేనే చదును చేయించిన దారిలో గుట్ట ఎక్కాను. ఎక్కుతుంటే దారి పొడుగునా నవ్వులే. “మేడం, చేపలు పడ్డయా?” అన్నాడు ఆ ముసలాయన, ఇన్నాళ్ళకు దొరికిందని.

అవ్వ నా వీపు మీద రెండు చరిచి, తిట్లు మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. నేను నవ్వుతూ పడుతున్నాను. పక్కన అక్క నాకు రొట్టె చేతిలో పెట్టబోతూ ఆగిపోయింది. ఆమె చూస్తున్న వైపు చూశాను. పాత తూము దగ్గర కట్ట మట్టి, బండెడంత ముక్క, మెల్లగా, ఏ తొందరా లేకుండా నీళ్ళలోకి జారింది. మైసమ్మ రాయి ఒక పక్కకు ఒరిగి దానితో పాటే పోయింది. మిగతా కట్ట నిలబడింది. చెరువు తెగలేదు. సాయంత్రానికి ఇసుక బస్తాలు వేసి ఆపారు కూడా. కానీ ఆ క్షణంలో గుట్ట మీద తమ ఇంటివాళ్ళు పక్కనే ఉన్నారో లేరో అని అందరూ చూసుకుంటున్నారు.

అవ్వ తిట్టడం సగంలో ఆపేసింది. నా చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. ఆ రెండు చేతులూ పట్టుకుని దగ్గరికి లాక్కుని, ఆ చెరువు తడిని తన కళ్ళకు అద్దుకుంది. తర్వాత నా నెత్తికి రాసింది. అక్కడున్న వాళ్ళలో ఆ కొత్తనీళ్ళు ముట్టుకున్నది నేనొక్కదాన్నే మరి. తనకెంత ఆశగా ఉన్నా ఆమె గుట్ట దిగలేదు.

“తిను,” అంది రొట్టె నా చేతిలో పెట్టి.

ఆ రోజంతా ఆమె నన్ను మళ్ళీ ఒక్క మాట అనలేదు. అప్పుడు వేసింది నాకు భయం.